బొమ్మపొత్తికలు: ప్రతికృతియా, శకలమా?

విరాటపర్వమునందలి ఉత్తర గోగ్రహణ ఘట్టము మన విమర్శకులకు వీరహాస్యముల మేళనముగా పరిచితము. ఉత్తరుని ప్రగల్భములు, అతని పిఱికితనము, బృహన్నల సారథ్యము, జమ్మిచెట్టుపై దాచిన ఆయుధములు, ఇవి చర్చకు వచ్చినంతగా రాజపుత్రిక కోరిన చిన్న కోరిక చర్చకు రాదు. రథము కదలబోవు వేళ ఉత్తర తన చెలికత్తెలతో కూడి బృహన్నల నొక వస్తువు కోరెను. భీష్మద్రోణాదులను గెలిచి వచ్చునపుడు వారి వస్త్రములను తమ బొమ్మల కొఱకు తెచ్చిపెట్టవలెనట. ఉత్తరుడు గెలిచినచో తప్పక తెత్తునని బృహన్నల నవ్వుచు మాట యిచ్చెను. తెలుగువారి కీ కథ బొమ్మపొత్తికల కథ. పొత్తి యనగా వస్త్రము; బొమ్మకు కట్టునట్టిది బొమ్మపొత్తిక. ఇంత సూక్ష్మమైన వస్తువునకు ప్రత్యేకముగా నొక పేరున్న భాషలో, ఆ వస్తువును గూర్చిన విచారణ మాత్రము లేకుండుట కొంత వింతగా నున్నది. ఈ వ్యాసమున ఆ విచారణకు పూనుకొనుచున్నాను.

సంస్కృతమూలమున ఉత్తర కోరిన వస్త్రములకు మూడు లక్షణములు చెప్పబడినవి. అవి సన్ననివై యుండవలెను, రంగురంగులవై యుండవలెను, పలు తీరులవై యుండవలెను. దీనిని బాలికా చాపల్యమని తోసివేయరాదు. బొమ్మకు గుడ్డ కట్టిన వారెవరైనను మొదట కోరునది సన్నదనమే. దళసరి గుడ్డ బొమ్మ నడుమున నిలువదు, మడతపెట్టినచో ఉబ్బును, ముడివేసినచో ముడియే బొమ్మ తలంత యగును. వ్యాసుని నోట ఉత్తర పలికినది చేతితో పని చేసిన పిల్ల పలుకు. ఈ చిన్న పనిలోని చిక్కు కవికి తెలిసియే ఆ విశేషణము పడినదని నా తలంపు.

తరువాతి కథ తెలిసినదే. అర్జునుడు సమ్మోహనాస్త్రముతో కురువీరులను నిశ్చేష్టులను చేసి, ఆ క్షణమున ఉత్తర మాట తలచుకొని, ఉత్తరుని రథము దిగి వస్త్రములు తెమ్మనెను. ద్రోణకృపులవి తెల్లనివి, కర్ణునిది పసుపుపచ్చనిది, అశ్వత్థామదియు రాజుదియు నీలములు. భీష్ముని జోలికి పోవలదని హెచ్చరించెను. ఆయనకు ఆ అస్త్రపు విరుగుడు తెలియును. మహాయుద్ధమునకు ముందు జరిగిన ఈ చిన్న యుద్ధమున, వీరులందఱు మైమఱచి నిలిచియుండగా ఒక బాలుడు వారి వస్త్రములను రంగుల వారీగా ఏఱుకొనుట ఎంత చిత్రమైన దృశ్యము! నగరమునకు వచ్చిన పిమ్మట అర్జునుడు ఆ వస్త్రములను ఉత్తరకు తన చేతులతో నిచ్చెను.

ఇచ్చట మూలమున బొమ్మకు వాడిన పదము పాంచాలిక. అమరసింహుడు వస్త్రము, దంతము మొదలగువానితో చేసిన పుత్రికకు ఈ పేరు చెప్పినాడు. అదే నగరమున అంతఃపురమునందు సైరంధ్రియై యున్న స్త్రీ పేరు పాంచాలి. నిండుసభలో ఆమె వస్త్రము నూడ్చునపుడు చూచుచు కూర్చున్నవారిలో ద్రోణకృపులును ఉన్నారు. ఊడ్చుటకు ప్రోత్సహించిన వారిలో కర్ణదుర్యోధనులు ఉన్నారు. పదుమూడేండ్లు గడచిన పిమ్మట వారి వస్త్రములే పాంచాలికల కొఱకు తీయబడినవి. ఈ పదసామ్యము యాదృచ్ఛిక మనుట కంటె కవిసంకల్ప మనుటయే నాకు సమంజసముగా తోచుచున్నది. ప్రతీకారము భీముని ప్రతిజ్ఞలలో గర్జించినది. ఇచ్చట ఆడుపిల్లల ఆటలో మెల్లగా, ఎవరికిని తెలియకుండ, కొంత తీరినది.

ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. ఆ ఉత్తర కొలది దినములకే అభిమన్యుని భార్య యైనది. పద్మవ్యూహమున అభిమన్యుని చుట్టుముట్టిన ఆర్గురు రథికులలో ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ ఉన్నారు. ఆమె గర్భముపై అస్త్రము విడిచినవాడు అశ్వత్థామయే. బొమ్మకు కట్టిన తెలుపు, పసుపు, నీలము ఎవరివో వారే ఆమె బ్రతుకును బుగ్గిచేసినారు. ఆ బొమ్మలు అటుపిమ్మట ఏమైనవో ఏ కవియు చెప్పలేదు, చెప్పకుండుటయే మేలైనది.

ఈ ఘట్టమును ఇంతగా వివరించుటకు కారణమున్నది. ఉత్తర కౌరవుల వేషములకు నమూనాలు కుట్టింపుమని అడుగలేదు. ద్రోణుని ధోవతి వంటి చిన్న ధోవతిని సాలెవాని చేత నేయింపుమని అడుగలేదు. ఆమె కోరినది ఆ మనుష్యులు కట్టిన ఆ గుడ్డనే. అనగా బొమ్మపొత్తిక పెద్ద వస్త్రమునకు ప్రతికృతి కాదు, దాని శకలము. ప్రతికృతి వేఱు, శకలము వేఱు. ప్రతికృతి రూపమును తగ్గించి చూపును. శకలము పదార్థమునే తునకగా దాచును. బొమ్మల వేషధారణను గూర్చి నేడు జరుగుచున్న పనియందు ఈ రెండింటిని కలిపివేయుట వలన రెండువిధముల నష్టము కలుగుచున్నది. తునకను ప్రతికృతి యనుకొని కొలిచి, కొలత తప్పినదని పాఱవేయుచున్నాము. ప్రతికృతిని తునక యనుకొని నమ్మి, దాని నుండి చరిత్ర చదువుచున్నాము.

ప్రతికృతి మార్గము పాశ్చాత్యుల యొద్ద మిక్కిలి వృద్ధిపొందినది. దానికి ప్రసిద్ధమైన నిదర్శనము ఇంగ్లండున విండ్సర్ కోటలో నున్న మేరీ రాణి బొమ్మరిల్లు. దీనిని రూపొందించిన ఎడ్విన్ లుట్యెన్స్ మనవారికి అపరిచితుడు కాడు. కొత్త ఢిల్లీలో నిజాము కొఱకు కట్టిన హైదరాబాదు హౌసు కూడ ఆయన రచనయే. 1921లో తలపెట్టి 1924లో పూర్తిచేసిన ఆ బొమ్మరింట అడుగునకు అంగుళము ప్రమాణము. మేజా, దీపము, పుస్తకము, సీసా అన్నియు పండ్రెండవ వంతునకు దిగినవి. మన దేశమున ఇట్టి దృష్టితో వేషములకు పూనుకొన్న వారు శంకర్ పిళ్ళై. 1965లో ఢిల్లీలో ఆయన నెలకొల్పిన బొమ్మల ప్రదర్శనశాలయందు అనేక దేశముల వేషధారణలతో పాటు, మన రాష్ట్రముల పెండ్లికూతుళ్ళ వేషములు, నాట్యవేషములు శాలకు చెందిన కార్యశాలలోనే తయారై నిలిచినవి. ఈ పని గౌరవింపదగినది. బాలురకు దేశమును పరిచయము చేయుటకు ఇంతకు మించిన సాధనము లేదు. కాని దీని హద్దులు ఏవో తెలిసికొనవలెను.

హద్దు గుడ్డలోనే యున్నది. ఆఱుగజముల చీరను పండ్రెండవ వంతునకు దింపినచో పొడవు 18 అంగుళములు, వెడల్పు నాలుగంగుళములకు కొంచెము లోపు. ఇంతవరకు కత్తెర చేయగలదు. కాని దళసరిని కత్తెర తగ్గింపలేదు. చీర యెంత మందమో తునకయు అంతే మందము. బొమ్మ దృష్టిలో అది పండ్రెండింతలు మందమైన గుడ్డ. నూలు సంగతి ఇంకను కఠినమైనది. పౌను నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యున్నవో అదియే నూలు నంబరు. పోగు అడ్డుకొలత నంబరు యొక్క వర్గమూలము ననుసరించి తగ్గును. కనుక పోగును పండ్రెండవ వంతు సన్నగా చేయవలెనన్నచో నంబరు 144 రెట్లు పెరుగవలెను. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరున వాలుగచేప దవడ యెముకతో పత్తిని దువ్వి, నూఱవ నంబరు వఱకును నూలు వడుకుదురు. మన దేశపు చేతినూలులో ఇంతకు మించిన సన్నదనము అరుదు. పౌనుకు 84,000 గజములు. దానిని బొమ్మకు కట్టినచో బొమ్మ లెక్కకు అది ఒకటవ నంబరు కంటెను ముతక. పౌనుకు 600 గజములు కూడ సాగని త్రాటివంటి నూలుతో నేసిన కంబళి. పొందూరు చీరకు సరియైన ప్రతికృతి కావలెనన్నచో 14,400 నంబరు నూలు కావలెను. అది మానవహస్తమున సాధ్యము కాదు.

కుచ్చెళ్ళ విషయమున మఱియొక అడ్డంకి. గుడ్డ జాలువారుటకు దాని బరువే కారణము. మూరెడు కుచ్చెలకున్న బరువు అంగుళము కుచ్చెలకు లేదు. బిరుసు మాత్రము ఏమియు తగ్గలేదు. అందుచేత బొమ్మ చీర క్రిందికి జాఱక గొడుగువలె విచ్చుకొనును. గంజిపెట్టి, జిగురుపెట్టి, సూదితో లోపల కుట్టి దానిని అణచివేయుదురు. అట్లు అణచినది చూపునకు చీరగానే యుండును గాని, చీర స్వభావము అందుండదు. చీర యొక్క సొగసంతయు జాలులో నున్నది గదా! ప్రదర్శనశాలల బొమ్మలను చూచి మన పూర్వుల కట్టుబొట్టులను వ్రాయబూనిన వారు ఈ ఒక్క సంగతిని మనస్సున నుంచుకొన్నచో చాలును.

మన బొమ్మల పనివారు ఈ చిక్కును ఎఱిగి దానిని వేఱొక త్రోవను దాటినారు. కొండపల్లి బొమ్మకు గుడ్డ లేదు. తేలికైన పొనికికఱ్ఱను సన్నని సెగపై ఆర్చి, చెక్కి, చేతులు, తల మొదలగు అవయవములను వేఱుగా చేసి, చింతగింజల పొడి, ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆపై రంగులు వేయుదురు. పైట కొంగు అందు మక్కు. అంచు ఒక కుంచె గీత. గీతకార్మికుని ధోవతి, అంబారీపై రాజు తలపాగ, దంచువారి చీరచెఱగు, ఇవన్నియు రంగుగానే యున్నవి. కుంచె గీతకు నూలు నంబరుతో పని లేదు. దానికి జాలు కావలెనన్న జాలు, బిగువు కావలెనన్న బిగువు. సన్నని వస్త్రమును కఱ్ఱ చూపగలిగినట్లు గుడ్డ చూపలేదనుట విరోధాభాసముగా తోచవచ్చును. కొండపల్లి దశావతారముల నొక మాఱు దగ్గఱగా చూచినవారు దీని నొప్పుకొందురు. మన తోలుబొమ్మలాటవారు తోలునకు బెజ్జములు వేసి, దీపపు వెలుగునే నగలుగా, అంచులుగా మార్చుట కూడ ఈ జాతి యుపాయమే. ఐతే అవి ఆఱడుగుల వఱకు నుండు బొమ్మలు. వాటి న్యాయము వేఱు.

బొమ్మరింటి సామగ్రియందును మనవారి కొలత అంగుళపు బద్దపై లేదు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకయందు అంకుడుకఱ్ఱను తరిణిపై త్రిప్పుచు లక్కకడ్డీని ఒత్తినచో, ఆ రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. మొగలిరేకుతో రుద్ది నునుపు తెత్తురు. అట్లు తయారైన లక్కపిడతల సెట్టులో పొయ్యి, కుండ, తిరుగలి, రోలు, చెంబు ఇంచుమించు ఒకే పరిమాణమున నుండును. లుట్యెన్స్ చూచిన నవ్వును. ఇంటిలో చెంబు తిరుగలి యంత యుండునా? ఉండదు. కాని లక్కపిడతకు ప్రమాణము ఇంటిలోని వస్తువు కాదు, పిల్ల పిడికిలి. పిడికిట పట్టునది కుండయైనను తిరుగలియైనను ఒక్కటే. క్షేమేంద్రుడు కావ్యమునకు చెప్పిన ఔచిత్యము ఇచ్చట కొయ్యకు అన్వయించుచున్నది: తగినది తగినచోట నుండుటయే గాని, సమానమైన నిష్పత్తిలో నుండుట కాదు. ఈ పనిలో ప్రకృతిసిద్ధమైన రంగులను మరల ప్రవేశపెట్టుటకు కృషిచేసిన సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించినది. పిల్లల నోటికి పోవు వస్తువునకు విషము కాని రంగు వేయవలెననుట, ఆలోచించినచో, పిడికిలిని ప్రమాణముగా పెట్టుకొనుటలోని తరువాతి మెట్టే.

ఈ పిడికిలి ప్రమాణమే మన కావ్యములలోను కనబడును. కామసూత్రములు బాలికల ఆటలలో గృహకము, దుహితృకాక్రీడ, అన్నపానములు వండుట అను మూడింటిని ఒకే వరుసలో పేర్కొన్నవి. పోతన రుక్మిణీదేవి బాల్యమున బొమ్మలకు పెండ్లిండ్లు చేసినది, వియ్యములందినది, గుజ్జనగూళ్ళు వండి చెలులకు పెట్టినది. అచ్చట పోతన ఒక్క బొమ్మ కొలతయైనను చెప్పలేదు, ఒక్క చీర రంగైనను చెప్పలేదు. చెప్పినది సంబంధములు. వియ్యమందుటయు, వడ్డించుటయు, పూతీగను సాకుటయు. ఈ పిల్ల రేపు తన పెండ్లిని తానే నిశ్చయించుకొని బ్రాహ్మణునిచే వార్త పంపబోవుచున్నది. బొమ్మలకు పెండ్లి చేసిన చేతియందే ఆ నిశ్చయము పెరిగినదని సూచన. తిక్కన ఉత్తర యొద్ద వస్త్రము ముఖ్యము, పోతన రుక్మిణి యొద్ద కర్మ ముఖ్యము. రెంటను కూడ బొమ్మ పెద్ద లోకమునకు చిన్న నమూనా కాదు. పెద్ద లోకమునుండి ఏదియో ఒకటి నిజముగా దానిలోనికి దిగివచ్చినది.

ఈ విచారమును ఇక హైదరాబాదునకు తెత్తము. దోమలగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగరు ప్రాంతములయందు బొమ్మలకొలువు రెండు ఋతువులలో కనబడును. కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు సంక్రాంతికి, రాయలసీమనుండియు తమిళ దేశమునుండియు వచ్చినవారు దసరాకు కొలువు తీర్తురు. సంక్రాంతి దినములయందే తెలంగాణపు ఇండ్లలో గురుగుల నోము జరుగును. చిన్న మట్టిగురుగు ఏమాత్రమును అలంకారము లేని లక్కపిడతయే గదా. కొలువు మెట్లపై మట్టిబొమ్మలు, సున్నపుబొమ్మలు, కొయ్యబొమ్మలు ఒకదాని ప్రక్క ఒకటి, ఏనుగు కంటె పెద్ద కోమటి సెట్టి, సెట్టి కంటె పెద్ద చిలుక, ఎట్టి నిష్పత్తియు లేక కూర్చుండును. వానిలో మనకు ప్రస్తుతము కావలసినవి తిరుపతి ఎఱ్ఱచందనపు దంపతులు; తమిళులు మరపాచి యనునవి. కొలువు పెట్టునప్పుడు ఈ జంటకు గుడ్డ కట్టుదురు. ఆ గుడ్డ ఎచ్చటిది? అంగడిలో కొన్నది కాదు. అవ్వ పెండ్లిచీర చినిగినప్పుడు మిగిల్చిన అంచు. తాత ఉత్తరీయపు కొస. రవికకు కత్తిరించగా మిగిలిన ముక్క. బిడ్డ తొలి పరికిణీలోని మడత. జరీ అంచు బొమ్మ మోకాలినుండి పాదము వఱకు కప్పును. కొలత ప్రకారము చూచినచో హాస్యాస్పదము. కాని ఆ అంచు అసలు అంచే. దాని పోగు ఆ కాలపు పోగు. దాని రంగు ఆ కాలపు రంగు. కట్టినవారి పేరు ఇంటిలో తెలియును. ఇది సాక్షాత్తు ఉత్తర చేసిన పనియే.

పెద్దచీర ఎందుకు నిలువదో, ఈ తునక ఎందుకు నిలుచునో ఆలోచింపుడు. కట్టిన చీర చినుగును, చినిగిన చీర పాతగుడ్డ యగును, బొంతయగును, తుదకు మసిగుడ్డ యగును. జరీచీరను కరగించి వెండి తీయుదురు. బొమ్మ తునక మాత్రము ఏడాదికి పది దినములు వెలుగు చూచి, తక్కిన దినములు పెట్టెలో చీకటియందు, కర్పూరపు వాసనలో, ఉదుకుడు లేక, ఎండ లేక ఉండును. తేలియా రుమాలు సంగతి దీనికి చక్కని యుదాహరణము. చీరాల, పుట్టపాక సాలెవారు ఈ రుమాలు నూలును నూనెతో, బూడిదక్షారముతో పదేపదే నానబెట్టి ఎఱ్ఱరంగు పట్టింతురు. ఆ నూనె వాసన గుడ్డను వదలదు. పలుమాఱులు ఉదికిన రుమాలులో ఆ జాడ తగ్గును. ఉదుకని తునకయే దానిని దాచుకొనును. వస్త్రచరిత్రకు కావలసినది ఇట్టి తునకయే.

దోమలగూడయందే గగన్‌మహల్ రోడ్డున జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సంగ్రహాలయమున్నది. శాంతినికేతన కళాభవనమున చదివిన ఈ చిత్రకారదంపతులు తాము సేకరించిన కళాఖండములను 1976లో ట్రస్టు అధీనము చేసిరి. దక్కను లఘుచిత్రములు, బిద్రీ, వస్త్రములతో పాటు తెలంగాణపు కథాపటములు కూడ అందు కలవు. కథాపటము మన ప్రస్తుత విషయమునకు దూరము కాదు. పద్మసాలీల కులపురాణమును కూనపులివారు పటము విప్పుచు చెప్పుదురు. భావనాఋషి తామరతూడు దారముతో దేవతలకు వస్త్రము నేసిన కథ అది. వస్త్రము పుట్టిన కథ వస్త్రముపైననే వ్రాయబడినది. అందలి మనుష్యులు కొలువుబొమ్మ పరిమాణమున నుందురు. దేవతలకును, పురాణరాజులకును చిత్రకారుడు తన కాలపు కొలువుకూటపు వేషమునే వేసినాడు. నకాషీ చిత్రకారుని కులమువారే చేసిన కొయ్యబొమ్మలను మందహెచ్చులు సభయెదుట ఒక్కొక్కటిగా నిలిపి కాటమరాజు కథ చెప్పుట కూడ ఈ సంప్రదాయమునకు చెందినదే. వేషము ఎట్లు కట్టిరో, పాగ ఎటు చుట్టిరో, దట్టీ ఎంత దిగువకు వ్రేలాడెనో తెలిసికొనుటకు పటము సాక్షి. గుడ్డ ఏ నూలుదో, ఏ రంగుదో తెలిసికొనుటకు బొమ్మపెట్టెలోని తునక సాక్షి. ఒకదాని సాక్ష్యము రెండవదాని చేత చెప్పింపరాదు.

ఈ వివేకము లోపించినచో ఏమగునో శ్రీకృష్ణదేవరాయల బొమ్మలను చూచిన తెలియును. తిరుమల ఆలయమున రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహప్రతిమలు అంజలి ఘటించి నిలిచియున్నవి. రాయల తలపై నున్నది కిరీటము కాదు, ఎత్తైన కుళ్ళాయి. శ్రీనాథుడు కన్నడరాజ్యమున ధరించినట్లు చాటువులు చెప్పు కుళ్ళాయి ఈ జాతిదే. లేపాక్షి కప్పుపై వ్రాసిన విరుపణ్ణ పరివారపు తలలపైనను అదియే. రాయల వేషమునకు ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యము మఱియొకటి లేదు. ఐనను, నేడు అంగళ్ళలో దొరకు సున్నపు రాయలకు, పాఠశాలల ప్రదర్శనములకు కుట్టించు గుడ్డరాయలకు నాటకపు కిరీటము, భుజకీర్తులు, మఖమలు అంగరఖా. ఇది వేదికనుండియు, వెండితెరనుండియు వచ్చిన వేషము. జరీ కుట్టుపని ఎంత నిపుణమైనను, కొలత ఎంత సరిగా నున్నను, ఇది ప్రతికృతి కూడ కాదు, ప్రతికృతికి ప్రతికృతి. దీనికంటె అవ్వ చీర అంచు చుట్టుకొన్న ఎఱ్ఱచందనపు మొండిబొమ్మ చరిత్రకు ఎంతో దగ్గఱ. కుట్టుపనివారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. వారికి కుళ్ళాయిని చూపవలసిన వారము మనము.

తునకల సాక్ష్యమునకు ప్రతికూలముగా చెప్పదగినవి లేకపోలేదు. పిల్లలు బొమ్మలకు గుడ్డలు మార్చుదురు. మూడు తరముల ముక్కలు ఒకే బొమ్మపై చేరును. తునకపై తేది లేదు. బొమ్మకు చుట్టిన తీరు ఆ కాలపు కట్టు కాదు. గోచి పోసి కట్టిన తొమ్మిదిగజముల చీరను నాలుగంగుళముల కొయ్యకు ఎవరును కట్టలేరు. ఇవన్నియు నిజములే. వీనిలో మూడవది మన వాదమునకు బాధకము కాదు, కట్టును గూర్చి తునకను అడుగరాదని ముందే చెప్పితిమి గనుక. మొదటి రెండును తీర్పదగిన చిక్కులు. ఇంటిలోని వృద్ధస్త్రీ బ్రతికియుండగా ఏ ముక్క ఎవరిదో ఆమె చెప్పగలదు. ఆమె పోయిన పిమ్మట అది ఉత్త గుడ్డముక్క. తాళపత్రమునకు గ్రంథాంతగద్య ఎట్టిదో ఈ తునకకు ఆమె మాట అట్టిది. గద్య పోయిన ప్రతిని కూడ మనము పరిష్కరించుచున్నాము. కాని ఎంత శ్రమతో!

మన శాఖలయందు జానపద వాఙ్మయ పరిశోధనకు బిరుదురాజు రామరాజు గ్రంథము 1958లో రాజమార్గము వేసినది. అటుపిమ్మట ఊరూరను పాటలు సేకరింపబడినవి. బొమ్మలపెండ్లి పాటలును అందు చేరినవి. పాట దొరికినది గాని, పాడుచు బొమ్మకు కట్టిన గుడ్డ వైపు మన చూపు పోలేదు. పాటను వ్రాసికొనుటకు పోయిన విద్యార్థి పెట్టె మూత తెఱచియున్నను లోనికి చూడలేదు. అది తన శాఖ పని కాదని తలచినాడు. గొప్ప సంగ్రహములలో వస్త్రము వస్త్రముగా చేరును. బొమ్మ చుట్టుకొన్న తునక చేరుట అరుదు. దానికి కళాఖండమను గౌరవము లేదు, అమ్మకపు వెల లేదు. దోమలగూడలోను నారాయణగూడలోను పాత ఇండ్లు పోయి అంతస్తుల కట్టడములు వచ్చుచున్న ఈ దినములలో, ఇల్లు మాఱునపుడు మొదట పోవునది బొమ్మల పెట్టెయే. బొమ్మల నెవరికైనను ఇత్తురు, గుడ్డముక్కలను దులిపివేయుదురు.

పరిశోధక విద్యార్థి చేయదగిన పని కష్టమైనది కాదు. తునకను ఉదుకరాదు, ఇస్త్రీ చేయరాదు, బొమ్మనుండి విప్పకముందే ఛాయాచిత్రము తీసికొనవలెను. అంగుళమునకు పడుగు పోగులెన్నియో, పేక పోగులెన్నియో భూతద్దముతో లెక్కించి వ్రాయవలెను. చీర యొడ్డు మిగిలియున్నచో దానిని ప్రత్యేకముగా గుర్తింపవలెను. మగ్గపు వెడల్పును ఊహించుటకు అదియే ఆధారము. రంగు పేరును ఇంటివారు పలికిన మాటలోనే వ్రాయవలెను: నెమలికంఠము, వంగపండు, దానిమ్మగింజ, అరటిపువ్వు. ఈ పేర్లలో కొన్నిటికి నేటి అంగడిలో గుడ్డ లేదు. పేరునకు సరిపోవు రంగు ఈ తునకలోనే మిగిలియుండవచ్చును. నిఘంటుకారుడు రంగుపేరునకు ‘ఒక విధమైన వర్ణము’ అని అర్థము వ్రాసి ఊరకుండుట మనకు పరిపాటియైనది. ఒక్క పెట్టెనైన ఈ తీరున పరిశీలించినచో అట్టి రెండు మూడు ఆరోపములకైనను నిజమైన అర్థము దొరకును. ఎవరు కట్టినది, ఎప్పుడు కట్టినది, ఏ పండుగకు తెచ్చినది అను ప్రశ్నలు అడుగునపుడు పాట దానంతట అదియే వచ్చును. అప్పుడు దానిని కూడ వ్రాసికొనవచ్చును.